గుండెకు శస్త్రచికిత్స జరిగిన ఆడపిల్లలు - మాతృత్వము

గుండెలో లోపముతో పుట్టిన ఆడపిల్ల పెరిగి పెద్దదై, పెండ్లియాడి, తానును ఒక బిడ్డకు తల్లి కావచ్చునా అను ప్రశ్న నూరేండ్ల క్రిందటి వైద్యులకు అంతగా ఎదురైనది కాదు. లోపము తీవ్రమైనచో ఆ పిల్ల అంత వయస్సువరకు బ్రతుకుటయే అరుదుగా నుండెను. నేడు ఆ ప్రశ్న మన ఇండ్లలోనికే వచ్చినది. మేము వైద్యులము కాము. వైద్యుల నడిగి, వారు వ్రాసినవి చదివి తెలిసికొన్న సంగతులను శ్రోతలకు విన్నవించుటయే నేటి మా పని.

1938వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున, పిల్లల ఆసుపత్రిలో, రాబర్ట్ గ్రాస్ అను యువ వైద్యుడు ఏడేండ్ల బాలిక కొకతెకు శస్త్రచికిత్స చేసెను. తల్లి కడుపులో నున్న శిశువునకు ఊపిరితిత్తులతో పనిలేదు. కనుక వాటికి పోవలసిన రక్తమును ప్రక్కదారి పట్టించుటకు గుండెకు పైన రెండు పెద్ద రక్తనాళముల నడుమ ఒక చిన్న గొట్టము ఉండును. బిడ్డ పుట్టిన కొలది దినములలో అది తనంతట తానే మూసికొనిపోవలెను. ఆ బాలికకు మూసికొనలేదు. గ్రాస్ దానిని దారముతో బిగించి కట్టివేసెను. చేసిన పని అంతే. తన పై వైద్యుడు ఊర లేని సమయము చూచి ఆయన ఈ సాహసమునకు పూనుకొన్నాడని చెప్పుదురు. ఆ బాలిక పెరిగి తల్లియై, మనుమల నెత్తి, నిండుగా జీవించినది. గుండెలోపమునకు కత్తిచికిత్స పొంది తల్లులైన వారి కథ అక్కడనే మొదలైన దనవచ్చును.

ఆరేండ్ల తరువాత, 1944 నవంబరు 29న, బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో నీలిశిశువునకు తొలి శస్త్రచికిత్స జరిగినది. పెదవులు, గోళ్ళు నీలముగా నుండు ఈ పిల్లల ఊపిరితిత్తులకు చాలినంత రక్తము పోదు. చేతికి పోవు ధమనిని మళ్ళించి ఊపిరితిత్తుల ధమనికి అతికినచో కొరత తీరునని ఊహించినది హెలెన్ టాసిగ్ అను వైద్యురాలు. ఆమెకు చెవులు సరిగా వినబడవు. పిల్లల గుండెచప్పుడును వ్రేళ్ళతో తాకి తెలిసికొనెడిది. కత్తి పట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్. ఆ పనిని ముందుగా కుక్కలపై చేసి సాధించి, ఆనాడు బ్లాలాక్ భుజము వెనుక నిలిచి దారి చెప్పినవాడు వివియన్ థామస్ అను నల్లజాతి సహాయకుడు. ఆయనకు వైద్యపట్టము లేదు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను కనిపెట్టిన యంత్రమునకు గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని అప్పగించి, పదునెనిమిదేండ్ల యువతి గుండెను తెరచి లోపలి రంధ్రమును మూసెను. అటుపిమ్మట తాపీగా గుండె లోపలి భాగములను సవరించుటకు వీలు కలిగినది.

మన దేశమున ఈ చికిత్సలు చాలకాలము పెద్ద నగరములకు, కలిగినవారికి పరిమితమై యుండెను. మన రాష్ట్రమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో పిల్లల గుండె శస్త్రచికిత్సలు చేరిన తరువాత పల్లెలలోని కూలివాండ్ర బిడ్డలు కూడ హైదరాబాదు వచ్చి చికిత్స పొంది ఇల్లు చేరుకొనిరి. ఆనాడు ఐదేండ్ల పిల్ల నేడు ఇరువదియేండ్లు దాటిన యువతి. కొందరికి పెండ్లిండ్లు అయినవి, కొందరికి సంబంధములు చూచుచున్నారు. స్త్రీల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఈ సంగతి అప్పుడప్పుడు కనబడుచున్నది. వ్రాయువారు తల్లులో తండ్రులో. ఆ పిల్లలు తామై వ్రాయుట మేము చూచినంతలో అరుదు.

కడుపుతో నున్నప్పుడు గుండెపై పడు బరువెంతయో ముందు తెలియవలెను. గర్భవతి శరీరములో రక్తపు పరిమాణము నూటికి 40 నుండి 50 పాళ్ళు పెరుగును. మామూలుగా నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్ల రక్తమును పంపు గుండె 7 లీటర్ల వరకు పంపవలసి వచ్చును. నాడి నిమిషమునకు పది, ఇరువది సారులు ఎక్కువగా కొట్టుకొనును. ఈ మార్పు మొదటి నెలలలోనే ఆరంభమై ఏడవ, ఎనిమిదవ నెలలకు శిఖరమునకు చేరును. నొప్పుల వేళ మరికొంత హెచ్చును. బిడ్డ పుట్టి గర్భాశయము ముడుచుకొనగానే అందులోని రక్తము ఒక్కుమ్మడిగా గుండెవైపు వచ్చును. కాన్పు అయినది, గండము గడచినదని ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకొను ఆ రెండుమూడు దినములే కొందరు తల్లుల గుండెకు అసలైన పరీక్ష.

ఆరోగ్యవంతురాలి గుండె ఈ బరువును ఇట్టే మోయును. చికిత్స పొందిన గుండె మోయునా? ఈ ప్రశ్నకు ఒకటే జవాబు లేదు. ఏలయన "గుండె ఆపరేషను" అను ఒక్క మాట క్రింద ఎన్నో వేరువేరు పనులు దాగియున్నవి. రొమ్ముపై కుట్టు చూచుటకు ఒకటే. లోపల జరిగినది వేరు.

గదుల నడుమ గోడలో నుండిన రంధ్రమునో, మేము పైన చెప్పిన గొట్టమునో చిన్నతనముననే మూసియుండి, ఊపిరితిత్తులలో రక్తపుపోటు పెరుగక యుండినచో, ఆ స్త్రీకి తక్కిన స్త్రీలకంటె అధికమైన భయము దాదాపు లేనట్లే. ఈ మాటను మేము గట్టిగానే చెప్పదలచినాము. ఇట్టి పిల్లలకు కూడ "దీనికి పెండ్లి వద్దు, పిల్లలు వద్దు" అని ఇంటి పెద్దలే తీర్పు చెప్పి కూర్చుండుట కలదు. ఏ వైద్యుడును అట్లు చెప్పియుండడు.

నీలిశిశువులలో ఎక్కువమందికి ఉండునది నాలుగు లోపముల కూటమి. 1888లో మార్సెయి నగరపు వైద్యుడు ఫాలో దీనిని వివరముగా వర్ణించినందున ఆయన పేరనే పిలుతురు. క్రింది గదుల నడుమ రంధ్రము, ఊపిరితిత్తులకు పోవు దారి ఇరుకగుట, శరీరమునకు రక్తమును కొనిపోవు మహాధమని ఆ రంధ్రముపైకి జరిగియుండుట, కుడి గది గోడ మందమగుట - ఇవి ఆ నాలుగు. శస్త్రవైద్యుడు రంధ్రమును మూసి, ఇరుకు దారిని వెడల్పు చేయును. పిల్ల నీలిరంగు వదలి గులాబిరంగు తేలును, బడికి పోవును, పరుగెత్తును. తల్లిదండ్రులు ఆసుపత్రిని మరచిపోవుదురు. అయితే దారిని వెడల్పు చేయుటలో అక్కడి కవాటము తరచుగా చెడును. పైకి పంపిన రక్తములో కొంత ప్రతి కొట్టుకొనుటలోను వెనుకకు కారుచుండును. కుడి గది ఆ అదనపు రక్తమును భరించుచు ఏండ్ల తరబడి మెల్లమెల్లగా సాగును. పిల్లకు ఏ బాధయు తెలియదు. ఇరువది, ముప్పదియేండ్లు అట్లే గడచును. అప్పుడు గర్భము వచ్చి, రక్తము సగమునకు సగము పెరుగును.

ఇంత చెప్పినను, ఫాలో లోపమునకు చికిత్స పొందిన స్త్రీలలో అత్యధికులు క్షేమముగా బిడ్డలను కనుచున్నారు. కావలసినది గర్భమునకు ముందే ఆ కుడి గదిని ఒకసారి చూపించుకొనుట. గుండె స్కానింగు, ఈసీజీ, నడిపించి చేయు పరీక్ష, అవసరమైనచో ఎమ్మారై - ఇవి చాలును. కవాటము మరీ చెడియున్నచో దానిని ముందు మార్చి, తరువాత గర్భమును గురించి ఆలోచింపుమని చెప్పవచ్చును. అదే సంగతి ఆరవ నెలలో బయటపడినచో వైద్యునికి చేయగల పనులు బహు స్వల్పము.

కొన్ని గుండెలు ఇంతకంటె జటిలమైనవి. పెద్ద రక్తనాళములు రెండును తారుమారై పుట్టిన పిల్లలకు పూర్వము చేసిన చికిత్సలో కుడి గదియే జన్మమంతయు ఎడమ గది పని చేయవలసి యుండును. 1975లో బ్రెజిల్ వైద్యుడు జటేనె నాళములనే మార్చి అతుకుటలో కృతకృత్యు డైనప్పటినుండి ఆ బాధ తగ్గినది. గుండెలో పనికివచ్చు గది ఒకటే యున్నవారికి 1968లో ఫ్రాన్సులో ఫోంటాన్ చేసిన చికిత్స మరొకటి. ఈ స్త్రీలకు గర్భస్రావములు ఎక్కువ, నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువ. అసాధ్యము కాదు గాని, పెద్ద ఆసుపత్రి నీడ విడువరాదు. ఇక ఊపిరితిత్తుల రక్తపుపోటు మిక్కిలి పెరిగియున్న స్త్రీలకు గర్భమే వద్దని వైద్యులందరును ఏకముగా చెప్పుచున్నారు. రంధ్రమును ఆలస్యముగా మూసినవారిలో కొందరికి ఈ పోటు మిగిలిపోవును. రంధ్రము మూసిరి గదా యని వారు నిశ్చింతగా నుందురు.

యూరపు హృదయవైద్యుల సంఘము వారు 2007 నుండి 2018 వరకు 53 దేశములలో గుండెజబ్బు గల 5,739 మంది గర్భవతుల వివరములు సేకరించి 2019లో ప్రకటించిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది పుట్టుకతో లోపము గలవారు. అన్ని జబ్బులవారిని కలిపి చూచినచో వేయిమందిలో ఆరుగురు మరణించిరి. ఊపిరితిత్తుల ధమనిలో పోటు గలవారిలో మాత్రము నూటికి తొమ్మిదిమంది. ఈ రెండు అంకెల నడుమ నున్న దూరము చూడుడు. ఏ స్త్రీ ఏ కోవకు చెందునో తెలియుట ఎందుకు ముఖ్యమో వేరుగా చెప్ప నక్కరలేదు.

తెలియుటకు మన ఇండ్లలో మొదటి అడ్డంకి కాగితములు లేకపోవుట. "గుండెలో ఏదో రంధ్రమట, పూడ్చినారట" అని తప్ప తల్లికి కూడ జ్ఞాపకముండదు. నాడు ఆసుపత్రివా రిచ్చిన డిశ్చార్జి కాగితములు ఇల్లు మారునప్పుడో, వాన నీటిలోనో పోయియుండును. పోయినచో ఆపరేషను జరిగిన సంవత్సరము, పిల్ల పేరు, తండ్రి పేరు చెప్పి ఆ ఆసుపత్రిలో అడిగి చూడవలెను. పాత దస్తరములు దొరకిన సందర్భములు కలవు. దొరకకున్నను నిపుణుడైన వైద్యుడు స్కానింగులో చాలవరకు పోల్చుకొనగలడు. కాగితములు ఉన్నవారు నగల పెట్టెలో దాచిపెట్టి, పెండ్లినాడు పిల్లకే అప్పగించుట మంచిది.

రెండవ అడ్డంకి దాపరికము. ఒక తల్లి మాకు వ్రాసినది: పిల్లకు ఆరేండ్లప్పుడు ఆపరేషను జరిగినదట, సంబంధము కుదిరినదట, రొమ్ము నడుమ మచ్చను చిన్ననాటి దెబ్బయని చెప్పవచ్చునా యని ప్రశ్న. వేయి అబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయవలెనను సామెత మన మెరుగనిది కాదు. ఆ వేయింటిలో ఇది చేరరాదు. ఏమి జరుగునో ఊహింపుడు. కోడలు నెల తప్పినది. అత్తగారు వెంటబెట్టుకొని ఊరిలోని డాక్టరమ్మ వద్దకు తీసికొనిపోయినది. "ఇదివరకు ఏమైనా జబ్బులున్నవా, ఆపరేషనులేమైనా జరిగినవా అమ్మా?" అని డాక్టరమ్మ అడుగును. అత్తగారు ప్రక్కనే కూర్చుండి యుండును. ఆ పిల్ల తల వంచుకొని లేవని చెప్పును. నాడు పెద్దలాడిన అబద్ధమును నేడు ఆ పిల్ల తన ప్రాణము పణముగా పెట్టి నిలబెట్టవలసి వచ్చినది. ఆ తల్లికి మేము వ్రాసిన ప్రత్యుత్తరము చిన్నది: మొదట పిల్లను గుండె వైద్యునికి చూపుడు, ఆయన చెప్పిన మాటను వ్రాతపూర్వకముగా తీసికొనుడు, దానిని పెండ్లివారికి చూపుడు. చాలమంది విషయములో ఆ కాగితము ధైర్యము చెప్పునదే యగును. అది చూచి వెనుదిరిగిన సంబంధమును గురించి విచారింప నక్కరలేదని మా అభిప్రాయము.

మందులను గూర్చి ఒక మాట. లోహపు కవాటము అమర్చిన స్త్రీలు రక్తము గడ్డకట్టకుండ నిత్యము మాత్రలు వాడుచుందురు. వార్‌ఫరిన్ జాతి మాత్రలు ఆరవ వారమునుండి పండ్రెండవ వారమువరకు పిండమునకు హాని చేయగలవు. వాటిని మానినచో కవాటముపై రక్తము గడ్డకట్టి తల్లికే ప్రాణాపాయము. ఇది బహు చిక్కైన సంగతి. ఇట్టి 212 మంది వివరములు 2015లో ప్రకటితమైనవి. ఏ పెద్ద ఆపదయు లేక బ్రతికిన బిడ్డను పొందినవారు వారిలో నూటికి 58 మందియే. ఎప్పుడు మాత్ర, ఎప్పుడు హెపారిన్ సూది, ఎంత మోతాదు అనునది వైద్యుడు రక్తపరీక్ష చూచి నిర్ణయింపవలసినదే. గుండె బలమునకును రక్తపుపోటునకును వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి కూడ గర్భములో పనికిరావు. నెల తప్పిన దినముననే వైద్యుని కలిసికొనవలెను గాని, భయపడి తామై మందులు మానరాదు.

ఇప్పుడు మన ఆచారమునకు వత్తము. తొలికాన్పు పుట్టినింట జరుగుట మనకు పరిపాటి. ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో తల్లిదండ్రులు వచ్చి, గాజులు తొడిగించి కూతురును తీసికొనిపోవుదురు. ఇంతకంటె చల్లని ఆచారము మరొకటి లేదు. తల్లి చేతి వంట, తల్లి ప్రక్కన నిద్ర ఏ మందునకును తీసిపోవు. కాని పైన చెప్పిన లెక్క జ్ఞప్తికి తెచ్చుకొనుడు: గుండెపై బరువు శిఖరమునకు చేరునది సరిగా ఆ ఏడెనిమిది నెలలలోనే. ఆరు నెలలు చూచుచున్న వైద్యులు నగరములో ఉండిపోవుదురు. పిల్ల బస్సెక్కి, ఆమె చరిత్ర ఏమియు తెలియని చిన్న ఊరికి చేరును. కనుక మధ్యస్థముగా నైనను లోపము మిగిలియున్న స్త్రీ ఎక్కడ ప్రసవింపవలెనో నాలుగైదు నెలలలోనే తేల్చుకొనవలెను. స్త్రీల వైద్యులు, గుండె వైద్యులు, మత్తు వైద్యులు, నెలలు నిండని శిశువులను సాకు వసతి, నలుగురును ఒకచోట నుండు ఆసుపత్రి కావలెను. అది అత్తవారి ఊరిలోనే యున్నచో తల్లియే కూతురింటికి వచ్చి ఆ మూడు నెలలు ఉండవచ్చును. వియ్యపురాలింట అన్నాళ్ళు ఉండుట ఎట్లని మొగమాటపడు తల్లులు కలరు. అత్తగారే ముందుగా పిలిచినచో ఆ మొగమాటము తీరిపోవును.

కాళ్ళకు నీరు దిగుట, మెట్లెక్కిన ఆయాసపడుట కడుపుతో నున్నవారందరికి ఎంతో కొంత ఉండును. పెద్దవాండ్రు మామూలేనని చెప్పుదురు. చాలమంది విషయములో అది నిజమే. ఈ స్త్రీల విషయములో మాత్రము కొన్ని గురుతులను మామూలని కొట్టివేయరాదు. వెల్లకిల పండుకొనలేకపోవుట, నడిరేయి ఊపిరాడక లేచి కూర్చుండుట, పడుకొనగానే దగ్గు వచ్చుట, గుండె లయ తప్పి దడదడ కొట్టుకొనుట, స్పృహ తప్పుట - వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. రక్తహీనత కూడ గుండెకు అదనపు బరువే కనుక ఇనుము మాత్రలను అశ్రద్ధ చేయరాదు.

గుండెజబ్బు మనిషి గదా, కోసి తీయుటయే క్షేమమని చాలమంది అనుకొందురు. వైద్యుల మాట వేరు. ఎక్కువమందికి సహజమైన కాన్పే మేలు. రక్తస్రావము తక్కువ, గాయమునకు చీము పట్టు భయము తక్కువ. వెన్నులో మత్తుమందు ఇచ్చి నొప్పి తగ్గించి, ఎడమ ప్రక్కకు ఒత్తిగిల పండబెట్టి, చివర ముక్కవలసిన శ్రమను సాధనములతో తగ్గింతురు. కొందరికి సిజేరియను తప్పదు. అది వైద్యులు ముందే చెప్పుదురు. కాన్పు తరువాత రెండుమూడు దినములు, కొందరి విషయములో అంతకంటె ఎక్కువ, ఆసుపత్రిలో కనిపెట్టి యుండవలెను. మంచి దినము చూచి తొందరగా ఇంటికి తీసికొనిపోదుమని బలవంతపెట్టుట తగదు.

వెంటనే రెండవ గర్భము రాకుండ చూచుకొనుట కూడ ఈ చికిత్సలో భాగమే. మామూలుగా దొరకు మిశ్రమ గర్భనిరోధక మాత్రలలోని ఈస్ట్రోజెను రక్తము గడ్డకట్టుటకు దోహదము చేయును. లోహపు కవాటము గలవారికి, ఫోంటాన్ చికిత్స జరిగినవారికి అవి తగవు. కాపర్ టీ మొదలైన ఇతర మార్గము లున్నవి. భర్త కూడ శస్త్రచికిత్స చేయించుకొనవచ్చును. అది అన్నింటికంటె తేలిక. ఈ మాటకు మన మగవారు నవ్వి ఊరకుందురని మేమెరుగుదుము. చెప్పక తప్పదు.

మిగిలిన ప్రశ్న, తల్లులందరు అడుగునది: నా లోపము నా బిడ్డకు వచ్చునా? సాధారణముగా పుట్టు పిల్లలలో నూటికి ఒక్కరికి ఇట్టి లోపము ఉండును. తల్లికి లోపమున్నచో అది నూటికి ముగ్గురు మొదలు ఐదుగురికి పెరుగవచ్చును. అనగా నూటికి తొంబదియైదుమందికి పైగా బిడ్డల గుండెలు చక్కగానే యుండును. కొందరి లోపమునకు మూలము జన్యువులలో నుండును. ఫాలో లోపము గలవారిలో కొందరికి ఇరువదిరెండవ జత క్రోమోజోములలో ఒకదానిపై చిన్న ముక్క లోపించియుండును. అట్టివారి బిడ్డలకు అది సంక్రమించు అవకాశము సగమునకు సగము. దీనికి రక్తపరీక్ష కలదు, గర్భమునకు ముందే చేయించుకొనవచ్చును. తక్కిన తల్లులందరును పదునెనిమిదవ వారమునుండి ఇరువదిరెండవ వారము లోపల కడుపులోని శిశువు గుండెకు ప్రత్యేకమైన స్కానింగు చేయించుకొనవలెను. బిడ్డ పుట్టిన మరునాడు కుడిచేతికి, ఒక కాలికి చిన్న దీపపు క్లిప్పు పెట్టి రక్తములో ప్రాణవాయువు ఎంతయున్నదో చూతురు. నొప్పి లేదు, సూది లేదు. రెండు నిమిషములలో ముగియును. పొత్తిళ్ళలోని బిడ్డ సాధారణముగా నిద్ర కూడ లేవదు.